కడపలో చూపు తగ్గిన మా నాయనను మళ్ళీ లైబ్రరీకి పంపేదెట్ల?

దేవునికడప_పిల్ల:

నమస్తే అందరికీ. పోస్టు కొంచెం పెద్దది, ఓపిక చేసుకోని చదవండి.

మా నాయన తెలుగు పండిట్‌గా చేసి రిటైరైనాడు. వయసు 67. సర్వీసులో ఉన్నప్పటి నుంచీ సాయంత్రం ఐదైందంటే చొక్కా మార్చుకోని లైబ్రరీకి పోయేటోడు, ఏడున్నరకి తిరిగొచ్చేటోడు, ఇంట్లో పెండ్లి పనులున్నా సరే ఆ రెండున్నర గంటలు ఆయన ఎవరికీ దొరకడు. మా అమ్మ అయితే ఆ లైబ్రరీనే కట్టుకోని ఉంటే సరిపోయేది గదా అని ఇప్పటికీ ఎత్తిపొడుస్తాది.

మూడేండ్ల కిందట నీటికాసులని తేలింది. డాక్టరు గ్లకోమా అని రాసినాడు. మాకు తెలిసేసరికే ఎడమ కన్ను దాదాపు పోయింది, కుడి కంట్లో మధ్యన మాత్రం కొంచెం మిగిలింది. పోయిన చూపు తిరిగి రాదు, ఉన్నది నిలబెట్టుకోవడమే అని చుక్కల మందు ఇచ్చినారు, పూట తప్పకుండా వేస్తాండాం.

ఎనిమిది నెలలుగా ఆయన లైబ్రరీ గడప తొక్కలేదు. ఎందుకు నాయనా అంటే ఎండ అంటాడు, మోకాళ్ళు అంటాడు. చివరికి ఆయన స్నేహితుడొకాయన చెప్తే తెలిసింది. ఒక రోజు భూతద్దం పెట్టుకోని పేజీకి ముక్కు ఆనించి చదువుకుంటాంటే, అక్కడ పనిచేసేటాయన నలుగురిలో గట్టిగా "పెద్దాయనా, కనపడనప్పుడు ఈ తిప్పలెందుకు, ఇంట్లో టీవీ పెట్టుకోని వినొచ్చు గదా" అన్నాడంట. ఏ లైబ్రరీనో ఇక్కడ రాయను, ఆయన కూడా చెడ్డగా అని ఉండడు లేండి. మా నాయన మాత్రం భూతద్దం జేబులో పెట్టుకోని లేచొచ్చేసినాడు, మళ్ళీ పోలేదు.

నేను బెంగళూరులో ఉంటా, రెండు వారాలకొకసారి వస్తా. నాకు తోచినవన్నీ చేసినా. లైటు ఉన్న భూతద్దం తెచ్చినా, ట్యాబ్ కొని అక్షరాలు ఎంత పెద్దగా వస్తే అంత పెద్దగా పెట్టినా, విచిత్రం ఏమంటే పెద్దగా పెడితే ఇంకా కష్టంగా ఉందంటాడు. ఫోన్‌లో చదివి వినిపించేది పెట్టినా, పద్యం ఒకటి వినిపిస్తే మొహం అట్ల పెట్టి "ఇది పద్యం చదవడమా, రేషన్ షాపులో పేర్లు పిలిచినట్లుంది" అని పక్కన పెట్టేసినాడు. సర్టిఫికెట్ తీసుకుందాం అంటే "గుడ్డోడు అని గవర్నమెంటు చేత రాయించుకోమంటావా నన్ను" అని రెండు రోజులు మాట్లాడలేదు.

ఈ వయసులో బ్రెయిలీ నేర్చుకోవచ్చా? తెలుగు పుస్తకాలు వినడానికి సరైన దారి ఏమన్నా ఉందా? లైబ్రరీ వాళ్ళను ఏం అడగాలి? తెలిసినోళ్ళు చెప్పండి.

తెల్లకర్ర_అనంత:

అక్కా, నాకు పుట్టుకతోనే చూపు లేదు, టీచరుగా చేస్తాండా. ఇది మాట్లాడి టైపు చేస్తాండా కాబట్టి తప్పులుంటే ఫోన్‌వి, ఒప్పులుంటే నావి.

మొదట ఆ పెద్దక్షరాల సంగతి. నాయన చెప్పేది నిజమే. నీటికాసుల్లో చూపు పక్కల నుంచి మూసుకుంటా వస్తాది, చివరికి సన్నటి గొట్టంలోంచి చూసినట్లు ఉంటాది. ఆ గొట్టంలో మామూలు అక్షరాలైతే ఒక మాట పడుతుంది, పెద్దవి చేస్తే రెండక్షరాలే పడతాయి, మూడోదానికి పోయేలోపల మొదటిది మర్చిపోతాడు, లైను చివరికి వచ్చినాక కింది లైను మొదలు యాడుందో దొరకదు. రెటీనా నడిమధ్య దెబ్బతిన్నోళ్ళకి పెద్దక్షరాలు బాగా పనికొస్తాయి, వీళ్ళకి ఎదురు తిరుగుతాది. భూతద్దం బదులు నల్లటి అట్టముక్కకి ఒక లైను పట్టేంత సందు కోసి ఇవ్వండి, ఆ సందులోంచి లైను లైను దించుకుంటా చదువుతాడు. వెలుతురు వీపు వెనక నుంచి భుజం మీదుగా పడాల. ట్యాబ్‌లో అయితే నల్ల తెర మీద తెల్లక్షరాలు పెట్టి, మామూలు కంటే కొంచెం పెద్ద సైజు, అంతే. ఇది పది నిమిషాల చదువుకే, గంటలు గంటలు కాదు, కన్ను అలిసిపోతాది.

బ్రెయిలీ. నేర్చుకోవచ్చు, వద్దనను. తెలుగు పండిట్ గదా, ఆయనకి నచ్చుతాది కూడా, ఎందుకంటే మా లిపిలో గుణింతాలు అతికించే పని లేదు, క తర్వాత ఇ చుక్కలు పెడితే కి అయిపోతాది, ఒత్తు కావాలంటే ముందు ఒక చుక్క పెట్టి రెండక్షరాలూ వరసగా పెడతాం. మొత్తం ఆరు చుక్కల ఆట. ఇంకో సంగతి, హిందీ క అయినా తెలుగు క అయినా తమిళ క అయినా చుక్కలు ఒకటే, భారతి బ్రెయిలీ అని 1951లో అన్ని భాషలకీ కలిపి ఒప్పుకున్నారు. పలకా పుల్లా పెట్టి రాసేటప్పుడు కుడి నుంచి ఎడమకి గుచ్చుతాం, కాగితం తిప్పి ఎడమ నుంచి కుడికి చదువుతాం. కానీ అక్కా, చిన్నప్పుడు వేలు నేర్చుకున్నట్లు అరవై దాటినాక నేర్చుకోదు. నాయనకి షుగరు ఉందా? ఉంటే వేళ్ళ కొసల్లో స్పర్శ తగ్గి ఉంటాది, అప్పుడు ఇంకా కష్టం. మా అనంతపురంలో ఆర్డీటీ అనే స్వచ్ఛంద సంస్థ వాళ్ళు చూపులేని పిల్లలకి స్కూలు నడుపుతారు, ఆ పిల్లలు వేలు పెట్టి పరిగెత్తిస్తాంటే చూడాల. పెద్దాయనకి మందుసీసాల మీద గుర్తులు పెట్టుకోవడానికి, నెంబర్లకి పనికొస్తాది, పుస్తకాలు చదివేంత వేగం రావడం మాత్రం అరుదు. ఆశ పెట్టొద్దండి, ఆటగా మొదలుపెడితే పెట్టండి. బ్రెయిలీ పుస్తకం ఎంత లావు ఉంటాదో కూడా చూడాల, మామూలు పుస్తకం ఒకటి మాకు నాలుగైదు సంపుటాలు అవుతాది, ఎంత లావున్నా పోస్టులో 7 కిలోల వరకు స్టాంపు లేకుండా పంపిస్తారు, ఆ ఒక్క మేలు చేసినారు.

ఇంక వినడం. సుగమ్య పుస్తకాలయ అని ఆన్‌లైన్ లైబ్రరీ ఉంది, 2016 ఆగస్టులో కేంద్రం మొదలుపెట్టింది, డైసీ ఫోరం ఆఫ్ ఇండియా, టీసీఎస్ కలిసి చేసినారు. మెంబరైతే పుస్తకాలు ఊరికే దింపుకోవచ్చు. తెలుగువి ఉండాయి గానీ ఇంగ్లీషు, హిందీ అంత లేవు, ముందే చెప్తాండా. డైసీ పుస్తకం అంటే ఉత్త ఆడియో కాదు, అధ్యాయానికి ఎగరొచ్చు, పేజీకి పోవచ్చు, గుర్తు పెట్టుకోవచ్చు, మీరు పేజీ మూల మడిచినట్లు. ఫోన్‌లో సింప్లీ రీడింగ్ అనే యాప్‌తో చదువుకోవచ్చు. కానీ దానికి వైకల్యం సర్టిఫికెట్ కావాల.

ఆ సర్టిఫికెట్ మాట. ఆయనకి ఇట్ల చెప్పి చూడండి, గుడ్డోడని రాయరు నాయనా, 2016 దివ్యాంగుల హక్కుల చట్టంలో లో విజన్ అని వేరే ఉంది, చార్టులో అక్షరాలు చదవగలిగినా సరే చుట్టూ చూపు 40 డిగ్రీల కంటే తగ్గితే అందులోకి వస్తారు, 10 డిగ్రీల కంటే తగ్గితే అంధత్వం కింద. అంటే ఇది కంటి కొలత కాగితం, అంతే. పోయేటప్పుడు చుట్టూ చూపు ఎంతుందో కొలిచే ఫీల్డ్ టెస్ట్ రిపోర్టు తప్పకుండా తీసుకోని పోండి, అది లేకుండా ఉత్త చార్టు చూసి తక్కువ శాతం రాస్తే మళ్ళీ తిరగాల.

ఫోన్ గొంతు గురించి రాత్రికి రాస్తా, పిల్లలు వచ్చినారు.

బుజ్జి_9:

ఇంత కష్టం దేనికండి. యూట్యూబ్‌లో బోలెడు తెలుగు ఆడియో బుక్స్ ఉన్నాయి, ఒక బ్లూటూత్ స్పీకర్ కొనివ్వండి అయిపోతుంది. ఈ రోజుల్లో కళ్ళున్నోళ్ళే లైబ్రరీకి పోవడంలేదు.

గ్రూప్2_దండయాత్ర:

బుజ్జి గారూ మీరు ఒకసారి కళ్ళకి గుడ్డ కట్టుకోని యూట్యూబ్‌లో మీకు కావాల్సిన పుస్తకం యాడుందో వెతికి చూడండి. ఎవడో చదవాలనుకున్న పుస్తకమే అక్కడ ఉంటుంది, వాడికి నచ్చిన కథలే ఉంటాయి, మధ్యలో మసాలా అడ్వర్టైజ్‌మెంట్ వస్తుంది. ఒక పేరు స్పెల్లింగ్ ఏందో తెలుసుకోవాలన్నా తెలీదు. చదవడం అంటే నాకు కావాల్సింది నేను తీసుకోని, వద్దనుకుంటే మూసేయడం. మేం అడిగేది అంతే.

నేను కర్నూలు, లో విజన్, గ్రూప్స్‌కి ప్రిపేర్ అవుతున్నా. అక్కా మీ నాయనకి పరీక్షలు లేవు కాబట్టి నా బాధ సగమే ఆయనకి వర్తిస్తుంది కానీ ఇది తెలుసుకోండి. తెలుగు పీడీఎఫ్‌లు ఎక్కువ భాగం మాకు పనికిరావు. కారణం అను ఫాంట్లు. పేజ్‌మేకర్‌లో అను ఫాంట్ పెట్టి కొట్టిన పుస్తకం మీ కంటికి తెలుగే కనపడుతుంది కానీ లోపల ఉండేది తెలుగు కాదు, ఇంగ్లీషు అక్షరాలకి, గుర్తులకి తెలుగు ముసుగేసినారు, అంతే. తెర మీది అక్షరాలు పైకి చదివే స్క్రీన్ రీడర్ ముసుగు చూడదు కదా, లోపల ఉండేది చదువుతుంది, "ఎ అండ్ డాలర్ పర్సెంట్" అని మొదలుపెడుతుంది. నేను మొదటిసారి విన్నప్పుడు ఫోన్‌లో వైరస్ వచ్చిందనుకున్నా. పాత పుస్తకాలైతే స్కాన్ బొమ్మలు, బొమ్మలో అక్షరం ఉండదు కాబట్టి అది నోరే తెరవదు.

నేను చేసేది ఏమంటే గూగుల్ డ్రైవ్‌లో ఆ పేజీల ఫొటో కానీ పీడీఎఫ్ కానీ ఎక్కించి, ఓపెన్ విత్ గూగుల్ డాక్స్ అని కొడితే అది అక్షరాలుగా మార్చి ఇస్తుంది, తెలుగు కూడా చేస్తుంది, డబ్బులేం లేవు. నీట్‌గా ప్రింట్ అయిన పేజీ అయితే బాగానే వస్తుంది, జిరాక్స్‌కి జిరాక్స్ తీసినది అయితే ధ కి థ, ష కి ప, ఒత్తులు ఎగిరిపోవడం, ఇట్లాంటివి. రెండు కాలమ్‌లు ఉండే పేజీ అయితే ఎడమ లైను సగం కుడి లైను సగం కలిపి కిచిడీ చేస్తుంది, అప్పుడు ఒక్కో కాలమ్ విడిగా ఫొటో తీయాలి. మా తమ్ముడు రోజుకి ముప్పై పేజీలు ఫొటోలు తీసి పెట్టేవాడు, వాడికి పెండ్లయినాక పదికి దిగింది.

ఇది దొంగతనం కాదా అని ఎవరన్నా అంటే, కాదు. 2012లో కాపీరైట్ చట్టం మార్చినారు, చదవలేనివాళ్ళ కోసం లాభం లేకుండా ఇట్ల మార్చుకోవచ్చు, సంస్థలే కాదు మనుషులు కూడా చేయొచ్చు. బయట దేశాలతో మారకేష్ ఒప్పందం అని ఒకటి ఉంది, 2014లో దాన్ని అందరికంటే ముందు ఆమోదించింది మన దేశమే. చట్టంలో ముందున్నాం, ముప్పై పేజీలు మాత్రం తమ్ముడే తీయాలి.

పరీక్షలో గంటకి 20 నిమిషాలు ఎక్కువ ఇస్తారు, మేం చెప్తే రాసిపెట్టే స్క్రైబ్‌ని ఇస్తారు. చదువుకోవడానికి మాత్రం పుస్తకం ఎవరూ ఇవ్వరు. సర్లేండి, అది వేరే థ్రెడ్.

దేవునికడప_పిల్ల:

తమ్ముడూ, నల్ల అట్టముక్క ఇచ్చినా నిన్న! ఆయన నాలుగు పేజీలు చదివినాడు. తెల్లకర్ర అన్నకి శానా థాంక్స్, షుగరు ఉంది, బ్రెయిలీ మాట ఎత్తను ఇంక.

బుజ్జి గారు చెప్పింది నేనూ చేసినా ఒకప్పుడు. స్పీకర్‌లో కథలు పెట్టినా. రెండో రోజు ఆయనే ఆపేసి "ఆయమ్మ నాకోసం చదవడంల్యా, వాళ్ళాయన కోసం చదువుతాంది" అన్నాడు, ఏమర్థమో ఆయనకే తెలియాల.

ఆయన దగ్గర సొంతం పుస్తకాలే రెండు బీరువాలు ఉండాయి, చానావరకు పాతవి. అవి ఫొటోలు తీస్తే వస్తాయా?

గ్రూప్2_దండయాత్ర:

పాత అచ్చు కొంచెం తిప్పలు పెడుతుంది అక్కా. అరసున్న కనపడితే సున్నా అనుకుంటుంది, బండి ర ని ఇంకేదో అనుకుంటుంది. అన్నిటికీ ఫొటోలు తీయకండి, ముందు తెలుగు వికీసోర్స్‌లో ఉందేమో చూడండి, అక్కడ ఎవరో పుణ్యాత్ములు కూర్చోని పాత పుస్తకాలు యూనికోడ్‌లో, అంటే లోపల కూడా తెలుగు అక్షరాలే ఉండేట్టు టైపు చేసి తప్పులు దిద్ది పెట్టినారు, కాపీరైట్ అయిపోయినవి. రచయిత పోయి 60 ఏండ్లు దాటితే మన దేశంలో హక్కు ఉండదు కాబట్టి మీ నాయన బీరువాలో ఉండే పాతవి కొన్ని అక్కడే దొరకొచ్చు. ఆంధ్రభారతి సైటులో నిఘంటువులు ఉన్నాయి, అవి కూడా యూనికోడే, ఫోన్ చక్కగా చదువుతుంది. తెలుగు పండిట్‌కి నిఘంటువు చేతికొస్తే ఇంకేం కావాలి.

బీరువా_తాళంచెవి:

కొంచెం ఆలస్యంగా చూసినా. నేను కర్నూలు జిల్లాలో ఒక చిన్న శాఖా గ్రంథాలయంలో పనిచేస్తా. మా వాళ్ళ తరఫున సంజాయిషీ చెప్పడానికి రాలేదు, ఎందుకంటే అట్లాంటి మాట నేనూ ఒకసారి అన్నా.

ఆరేడేండ్ల కిందట ఒక అబ్బాయి కర్ర తాటించుకుంటా వచ్చి ప్లగ్ పాయింట్ ఎక్కడుంది సార్ అన్నాడు. నేను ఫోన్ చార్జింగ్‌కి వచ్చినాడనుకోని ఇది చార్జింగ్ సెంటరు కాదు బాబూ అన్నా. ఆ అబ్బాయి ల్యాప్‌టాప్ తీసి, ఇయర్‌ఫోన్ పెట్టుకోని, మూడు గంటలు చదువుకోని పోయినాడు. మరుసటి రోజు నేనే ఆ బల్ల జరిపి ప్లగ్ దగ్గర పెట్టినా. ల్యాప్‌టాప్‌లో ఏందో ఎన్‌వీడీఏ అంట, ఊరికే దొరికే సాఫ్ట్‌వేర్ అంట, తెర మీద ఉండేదంతా చెవిలో చెప్తుందని ఆ అబ్బాయే నాకు చూపించినాడు. ఆ వేగానికి నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు.

మా దగ్గర బ్రెయిలీ పుస్తకాలు ఒక బీరువా నిండా ఉండాయి. ఎప్పుడో లాట్‌లో వచ్చినాయి. తాళం నా దగ్గరే ఉంటాది, అందుకే ఈ పేరు పెట్టుకున్నా. ఎవరూ అడగరు కాబట్టి తీయము, తీయము కాబట్టి ఉన్నాయని ఎవరికీ తెలీదు. ఒకసారి తెరిస్తే కింది అరలో చుక్కలన్నీ అణిగిపోయినాయి, ఒకదాని మీద ఒకటి పడేసి పేర్చినాం కదా, నిలబెట్టి పెట్టాలని మాకెవరు చెప్పినారు.

మీరు అడగాల్సింది ఏందంటే, పెద్ద పెద్దవి అడగొద్దండి మొదట. ఒక కుర్చీ, కిటికీ పక్కన, వెలుతురు వీపు వైపు నుంచి వచ్చేట్టు. ఇయర్‌ఫోన్ పెట్టుకుంటే అభ్యంతరం చెప్పకూడదు. పుస్తకం బయటికి తీసుకుపోయి ఫొటో తీసుకోని రెండు రోజుల్లో తెచ్చిస్తాం అంటే ఇవ్వాల, మెంబర్‌షిప్ ఉంటే మామూలుగానే ఇస్తాం. ఇవి మూడూ పైసా ఖర్చులేని పనులు, లైబ్రేరియన్ తలచుకుంటే చాలు.

ఖర్చుండే పనులు కావాలంటే జిల్లా గ్రంథాలయ సంస్థ కార్యదర్శికి కాగితం మీద రాసి ఇవ్వండి, నోటితో చెప్తే గాలికి పోతాది. అడిగేదానికి మొహమాటం ఎందుకు, మీ ఇంటి పన్నులో రూపాయికి 8 పైసలు లైబ్రరీ సెస్సు కడతాండారు, చూపున్నోళ్ళకి వేరే లేనోళ్ళకి వేరే రేటు లేదు కదా. ఆ సెస్సు మున్సిపాలిటీల నుంచి మాకు ఎప్పుడు చేరుతాదో అది వేరే రామాయణం. కోల్‌కతాలో రాజా రామ్మోహన్ రాయ్ లైబ్రరీ ఫౌండేషన్ అని ఉంది, 1972 నుంచి లైబ్రరీలకు సాయం చేస్తారు, దివ్యాంగుల సెక్షన్ పెట్టుకోవడానికి కూడా వాళ్ళ దగ్గర స్కీము ఉంది, కానీ ఇక్కడి నుంచి ఎవరో ఒకరు అడిగితేనే కదా ఫైలు కదిలేది. మాకు "ఎవరూ రావడంల్యా" అనేది మంచి సాకు. మీ నాయన రిజిస్టర్‌లో సంతకం పెడితే ఆ సాకు పోతాది.

ఇంకో మాట. పైకి చదవకూడదు, నిశ్శబ్దం అని బోర్డు పెట్టినాం కదా. మా చిన్నప్పుడు రచ్చబండ కాడ ఒకడు పేపరు చదివితే పదిమంది వినేటోళ్ళు, అందులో తొమ్మిది మందికి చూపు ఉంది, అక్షరమే లేదు. అప్పుడు అది చదువే కదా. ఇప్పుడు నేను మా వరండాలో సాయంత్రం అరగంట పేపరు పైకి చదవనిస్తాండా, లోపలికి వినపడదు. ఎవరన్నా ఆర్డర్ కాపీ అడిగితే నా దగ్గర లేదు.

తెల్లకర్ర_అనంత:

తాళంచెవి సారూ, ఆ బీరువా తాళం తీసి పెట్టండి ముందు. నిలబెట్టి పేర్చండి, అణిగిన చుక్క అంటే మాకు చెరిగిన అక్షరం.

అక్కా, ఫోన్ గొంతు సంగతి. మీరు చేసిన తప్పు ఒకటే, తెలుగు పండిట్‌కి మొదటి రోజే పద్యం వినిపించినారు. ఆ గొంతుకి యతి తెలీదు, ప్రాస తెలీదు, పాదం యాడ విరగాలో తెలీదు, పద్యాన్ని కరెంటు బిల్లు చదివినట్లు చదువుతాది. నాకే ఒళ్ళు మండుతాది. వచనంతో మొదలుపెట్టండి, అందులోనూ పేపర్ వార్త, దానికి ఎట్లాగూ రసం ఉండదు కాబట్టి గొంతు ఎట్లున్నా పర్వాలేదు. వేగం తగ్గించండి, మేం అలవాటైనోళ్ళం కాబట్టి రెండింతలు పెట్టుకోని వింటాం, కొత్తోళ్ళకి అది జల్లెడలో నీళ్ళు. గూగుల్ తెలుగు గొంతు పెట్టండి, ఈస్పీక్ పెట్టొద్దు, అది రోబో మాదిరి ఉంటాది, మేం దానికి అలవాటు పడింది అది టక్కున పలుకుతాదని.

ఫోన్ తెర మీద ఉండేది పలికే టాక్‌బ్యాక్ పెట్టినప్పుడు ఇంట్లో అందరికీ చెప్పండి, లేకుంటే మీ అమ్మ ఫోన్ పాడైందని మొత్తుకుంటాది. ఒకసారి తాకితే పేరు చెప్తాది, రెండుసార్లు కొడితే తెరుస్తాది. వద్దనుకుంటే రెండు వాల్యూం బటన్లు కలిపి మూడు సెకన్లు నొక్కి పట్టుకుంటే ఆగుతాది. ఆ ఆపేది ముందు నేర్పించండి, అప్పుడు భయం పోతాది, మిగతావన్నీ తర్వాత.

ఇంకోటి చెప్తా, ఏమనుకోవద్దు. ఆయనకి పోయింది పుస్తకం ఒక్కటే కాదు, ఐదింటికి చొక్కా మార్చుకోవడం కూడా పోయింది. ఇంట్లో ఎంత బాగా వినిపించినా అది రాదు. నేను ఇప్పటికీ లైబ్రరీకి పోతా, నా పుస్తకాలన్నీ ఫోన్‌లోనే ఉండాయి, అయినా పోతా. పక్కోడు పేజీ తిప్పే చప్పుడు వినపడాల నాకు.

బుజ్జి_9:

సారీ అండి, అట్ల అనకుండా ఉండాల్సింది. మా జేజికి కూడా శుక్లాలు ముదిరి ఆపరేషన్ చేయించక ముందు రెండేండ్లు పేపర్ ముట్టలేదు, ఆమెకి ఆసక్తి పోయిందనుకున్నాం మేం.

దేవునికడప_పిల్ల:

మూడు వారాలైంది, ఏమైందో రాయమని ఇద్దరు అడిగినారు కాబట్టి రాస్తాండా.

సర్టిఫికెట్ కథ అట్లనే ఉంది. 40 డిగ్రీల సంగతి చెప్తే మాత్రం కొంచెం ఆలోచించినాడు, "లో విజన్‌కి తెలుగేంది" అని అడిగినాడు, నేను అల్పదృష్టి అన్నా, "అల్పదృష్టి అంటే నీచబుద్ధి అని కూడా అర్థం వస్తాది, వేరే మాట చూడమను" అన్నాడు. గవర్నమెంటుతో మాట మార్పించేదాకా ఆ పని కాదు.

లైబ్రరీకి మాత్రం పోయినాడు. మా అన్న కొడుకు తొమ్మిదో తరగతి, వాడిని తోడు పెట్టి పంపినా. పాతదానికి కాదు, వేరేదానికి, అక్కడికి ఆయన్ని తీసుకుపోయింది మా నాయన స్నేహితుడే. తాళంచెవి సార్ చెప్పినట్లు కుర్చీ, ఇయర్‌ఫోన్, పుస్తకం బయటికివ్వడం మూడే అడిగినా. లైబ్రేరియన్ మేడం మొదట్లో తెల్లమొహం వేసింది, తర్వాత కిటికీ పక్క కుర్చీ ఆమే జరిపింది. రిజిస్టర్‌లో సంతకం పెట్టేటప్పుడు గీత యాడుందో కనపడక మూడు లైన్లు ఆక్రమించినాడంట, ఆ రోజు మీద ఇంకెవరూ సంతకం పెట్టే చోటు లేదని మావాడు నవ్వుతా చెప్పినాడు.

పైకి చదివించుకోవడం ఆయనకి నామోషీగా ఉండింది. దానికి ఆయనే ఒక దారి వెతుక్కున్నాడు. మా ఊర్లో బ్రౌన్ దొర బంగళా ఉండిన చోటే ఇప్పుడు బ్రౌన్ లైబ్రరీ ఉంది కదా, అక్కడికి ఆయన ఉద్యోగంలో ఉన్నప్పుడు తెగ తిరిగేటోడు. బ్రౌన్ తన సొంత డబ్బుతో పండితుల్ని పెట్టుకోని తాళపత్రాలు పరిష్కరింపజేసి, శుద్ధప్రతులు రాయించినాడు గదా, "దొరకి రెండు కండ్లూ ఉండి కూడా పండితుల్ని పెట్టుకున్నాడు, నేను పెట్టుకుంటే తప్పేముంది" అంటాడు. పండితుడు అంటే మావాడే. వాడికి రోజుకి పది రూపాయలు జీతం. తప్పు చదివితే రూపాయి కోత. వాడు శ కి స అంటాడు, ళ కి ల అంటాడు, మొదటి వారం వాడికి ముప్పై రూపాయలే దక్కినాయి.

ఫోన్‌తో రాజీ పడినాడా అంటే, కొట్లాటకి దిగినాడు, అది మేలే. వికీసోర్స్‌లో ఒక శతకం దొరికితే పెట్టిచ్చినా. ఆయనకి ఆ పద్యాలు సగం కంఠతా వస్తాయి, ఎత్తుగడ అందక ఇన్ని రోజులు ఆగిపోయినాయంట. ఇప్పుడు ఫోన్ మొదటి నాలుగు మాటలు అంటాది, ఈయన "ఆగు" అని మిగతాది రాగం తీసి చదువుతాడు, అది ఆగదు కదా, అది అవతలి పద్యంలోకి పోయింటాది, ఈయన తిట్టుకుంటా వెనక్కి పోతాడు. రాత్రి పదింటి దాకా ఇదే. మా అమ్మ ఇప్పుడు ఫోన్‌నే కట్టుకోని ఉండాల్సింది అంటాంది.

తెల్లకర్ర అన్నా, అది ఒక్కో పాదం దగ్గర ఆగేట్టు పెట్టే ఉపాయం ఏమన్నా ఉందా?

తెల్లకర్ర_అనంత:

ఉంది అక్కా. టాక్‌బ్యాక్‌లో రీడింగ్ కంట్రోల్స్ అని ఉంటాది, మూడు వేళ్ళతో పైకో కిందికో జరిపితే అక్షరాలు, మాటలు, లైన్లు, పేరాలు అని ఒక్కోటి వస్తాది, లైన్లు అన్నప్పుడు వదిలేయండి. తర్వాత ఒక వేలితో కిందికి తోస్తే ఒక్క లైను చదివి నోరు మూసుకుంటాది, పైకి తోస్తే వెనకటి లైను. వికీసోర్స్‌లో పాదానికొక లైను ఉంటే సరిగ్గా పాదం దగ్గరే ఆగుతాది, లేకుంటే మీ పండితుడి చేత ఫోన్‌లో నోట్స్‌లోకి ఎక్కించి పాదం పాదానికి ఎంటర్ కొట్టించండి. దానికి జీతం వేరే ఇవ్వమనండి.